బండికో అద్దె ఇల్లు

ఇల్లు కట్టి చూడు, పెళ్ళి చేసి చూడు అన్నారు పెద్దలు. మోటార్ హోమ్ కొని, దాన్ని నిలపడానికి చోటు వెతికి చూడు అని నేనైతే ఇంకో ముక్క చేరుస్తాను. మంచం, పొయ్యి, ఫ్రిజ్, బాత్రూమ్ అన్నీ ఉన్న బండి అది. చక్రాల మీద ఇల్లన్నమాట. ఇల్లన్నాక స్థలం కావాలి కదా! శాన్ ఫ్రాన్సిస్కో చుట్టుపక్కల స్థలం అంటే ఎంత మాటో ఇక్కడున్న వాళ్ళకి నేను చెప్పక్కర్లేదు.

మేముండేది ఫ్రీమాంట్‌లో. ఆ బండి కొన్నది అత్తయ్యగారి కోసం. ఆవిడకి డెబ్బై నాలుగేళ్ళు, షుగరు. అరగంటకోసారి బాత్రూమ్‌కి వెళ్ళాలి. బయటి తిండి ముట్టరు. ఎక్కడికి రమ్మన్నా "మీరు వెళ్ళి రండమ్మా, ఇంటికి నేను కాపలా ఉంటాను" అనేవారు. ఎనిమిదేళ్ళలో ఆవిడ చూసిన అమెరికా అంటే మా ఇల్లు, గుడి, ఆస్పత్రి. అందుకని వాడిన బండే, 24 అడుగులది, ఒకటి కొన్నాం. మొదటిసారి యోసెమిటీ వెళ్ళినప్పుడు బండిలోనే పెసరట్లు వేసి పెట్టారు. జలపాతం దగ్గర గంటసేపు కూర్చున్నారు. దారిలో ఎక్కడా "ఇంకెంత దూరం?" అని అడగలేదు.

రెండు నెలలు తిరక్కుండానే మా కాలనీ సంఘం నుంచి ఉత్తరం వచ్చింది. ఇంటి ముందు అలాంటి బండి ఉంచకూడదట, రెండు వారాల్లో తీసేయాలట. పోనీ వీధిలో పెడదామా అంటే, కాలిఫోర్నియాలో చాలా ఊళ్ళలో ఒకే చోట 72 గంటలు దాటి బండి ఉంచనివ్వరు. "అమ్మేద్దాంలే" అన్నారు మా వారు. అత్తయ్యగారు ఏమీ అనలేదు. లేచి వెళ్ళి, బండిలో విడిగా ఉంచుకున్న మందుల డబ్బా తెచ్చి తన అలమరలో పెట్టుకున్నారు. అది చూశాక నాకు అమ్మబుద్ధి కాలేదు.

నోటు పుస్తకం, ఫోను తీసుకుని కూర్చున్నాను. ఇంటికి దగ్గర్లో ఆరుబయట చోటుకే నెలకి 290 డాలర్లు చెప్పారు. పైకప్పు ఉన్నదైతే 450, అదీ వరసలో ఉండాలి. ఒకచోట మొదటి నెల సగమే అన్నారు కానీ, నాలుగో నెల నుంచి ఎంతో అడిగితే నీళ్ళు నమిలారు. ఇంకోచోట టేపు పెట్టి కొలిస్తే వెనకాల నిచ్చెన, సైకిళ్ళ స్టాండుతో కలిపి మా 24 అడుగుల బండి 26 అయింది. అద్దె కూడా ఆ లెక్కకే పెరిగింది.

వారం రోజులు ఇలా తిరిగాక నాకొక ఆలోచన వచ్చింది. బండి రోజూ వాడేది కాదు కదా, ఇంటి పక్కనే ఎందుకుండాలి? మేం వెళ్ళేది ఎక్కువగా తూర్పు వైపు, కొండలకి. అటు దారిలో వెతికితే సరి! ఆల్టమాంట్ కనుమ దాటితే ట్రేసీ, ఆ తర్వాత మాంటెకా. యోసెమిటీకి వెళ్ళే 120వ నంబరు రోడ్డు అక్కణ్ణించే పోతుంది. అక్కడ నెలకి 120 డాలర్లకి చోటు దొరికింది. ఏడాదికి రెండు వేల డాలర్ల పైనే మిగులు. అక్కడిదాకా కారులో వెళ్తాం కాబట్టి, గ్యాలనుకి పది మైళ్ళు కూడా ఇవ్వని బండికి పెట్రోలూ కలిసొస్తుంది. అత్తయ్యగారు ఓర్చుకోవలసింది ఆ గంట ప్రయాణమే, దానికీ మధ్యలో ఒకసారి ఆగుతాం.

అయితే అక్కడ ఎండ మండిపోతుంది. టైర్లకి తెల్లటి తొడుగులు వేశాం. వచ్చేటప్పుడు బ్యాటరీ స్విచ్చి ఆపేసి, ఫ్రిజ్ ఖాళీ చేసి తలుపు తెరిచి ఉంచుతాం. బియ్యం, పప్పు ఒక్క గింజ కూడా వదలను. వదిలితే ఎలుకలు కాపురం పెట్టేస్తాయి.

ఈ వెతుకులాటలోనే డంబార్టన్ వంతెన దాటి మౌంటెన్ వ్యూ వైపు కూడా వెళ్ళాను. అక్కడ ఒక వీధి పొడుగునా ఇలాంటి బండ్లే. కానీ వాటిలో మనుషులున్నారు. ఒక కిటికీకి పిల్లల యూనిఫాం ఆరేసి ఉంది. ఒకావిడ గుమ్మం ముందు చీపురుతో ఊడుస్తోంది, మనం వాకిలి ఊడ్చుకున్నట్టే. అద్దెలు కట్టలేక బండ్లలో కాపురముండే వాళ్ళు ఇక్కడ చాలామందే. ఇరుకు వీధుల్లో పెద్ద బండ్లు నిలపకూడదన్న నిబంధనకి 2020 నవంబరులో ఆ ఊరి ఓటర్లు ఔనన్నారు. మరి వాళ్ళు ఎక్కడికి పోవాలి? మాంటెకాలో నేను సంతకం పెట్టిన కాగితంలో "బండిలో నిద్రపోరాదు" అని స్పష్టంగా ఉంది. ఖాళీ ఇంటికైతే నెలకి ఇంతని కట్టి చోటు తెచ్చుకోవచ్చు, మనుషులున్న ఇంటికి ఆ చోటు పనికిరాదు. సంతకం పెడుతుంటే ఆ చీపురే గుర్తొచ్చింది.

మీలో ఎవరైనా పెద్దవాళ్ళ కోసం ఇలాంటి బండి కొనాలనుకుంటే, బండి బేరం కంటే ముందు చోటు బేరం చేసుకోండి. చివరి అంగుళం దాకా కొలిచి, ఏడాది మొత్తం అద్దె ఎంతో రాయించుకుని, గేటు ఎన్నింటికి మూస్తారో అడిగి మరీ సంతకం పెట్టండి.

"బండికి కూడా అద్దె ఇల్లేనా అమ్మాయ్! మా నాన్నగారి ఎడ్లబండి వేపచెట్టు కింద ఊరికే ఉండేది" అంటారు అత్తయ్యగారు. అంటూనే వచ్చే నెల ప్రయాణానికి పెసలు ఎన్ని పోయాలో లెక్కలు వేస్తున్నారు.