చక్కెర ఎటు పోయింది?

జనవరి చలి ఈ సాయంత్రం కాస్త గట్టిగానే ఉంది. దుప్పటి కప్పుకుని, చాయ్ గ్లాసు చేత్తో పట్టుకుని కూర్చోండి, మా పిల్లల సంగతి ఒకటి చెప్తాను. మా బడి హైదరాబాద్ నాంపల్లిలో ఉంది. రైలు కూత పెడితే మా క్లాసులో ఎక్కాలు ఆగిపోతాయి, స్టేషన్‌కి అంత దగ్గర. నేను చెప్పేది అయిదో తరగతి, ఈ వారం పాఠం మిశ్రమాలు.

ఈ పాఠాన్ని చాలా ఏళ్ళు నేను తలకిందులుగా చెప్పాను. ‘రెండుగానీ అంతకు మించిగానీ పదార్థాలు కలిస్తే మిశ్రమం’ అని బోర్డు మీద రాసేదాన్ని. పిల్లలు దాన్ని వల్లించి మార్కులు తెచ్చుకునేవాళ్ళు. ఆ వాక్యంలో అసలు సంగతి లేదని నాకు ఆలస్యంగా తెలిసింది. కలిసినా దేని గుణం దానికే ఉంటుంది. నీళ్ళలో కలిసిన ఉప్పు ఉప్పగానే ఉంటుంది. ఇసుకలో కలిసిన ఇనుపరజను అయస్కాంతం చూపించగానే ఎగిరొచ్చి అంటుకుంటుంది. గుణం పోలేదు కాబట్టే మళ్ళీ విడదీయగలుగుతున్నాం. అందుకే ఇప్పుడు విడదీయడంతోనే మొదలుపెడుతున్నాను.

సోమవారం స్టేషన్ రోడ్డులో బండి దగ్గర అరకిలో మిక్చర్ కొని తీసుకెళ్ళాను. నలుగురికో పళ్ళెం. కారప్పూస ఒక కుప్ప, బూంది ఒక కుప్ప, పల్లీలు, పుట్నాలు, అటుకులు, కరివేపాకు. పది నిమిషాల్లో అన్నీ వేరైపోయాయి. అడుగున ఉప్పూ కారం కలిసిన పొడి మాత్రం ఎవరి వేళ్ళకూ లొంగలేదు. వెనక బెంచీ పిల్ల ఒకతి లేచి, “టీచర్, దాన్ల నీళ్ళు పోద్దాం. ఉప్పు కరుగుతది, కారం మిగుల్తది. బట్టల వడగడితే అయిపాయె” అంది. నేను మరుసటి రోజుకని దాచుకున్న పాఠమది.

ఈ పనికి మన భాషలో ఎన్ని మాటలున్నాయో ఎప్పుడైనా లెక్క పెట్టారా? బియ్యంలో రాళ్ళు చేత్తో తీస్తే ఏరడం. చేటతో పైకెగరేసి పొట్టు పోగొడితే చెరగడం. అదే చేటను పక్కలకు ఆడించి నూకలు వేరు చేస్తే నేమడం. నీళ్ళలో తిప్పుతూ ఇసుక అడుక్కి దింపితే గాలించడం. కళ్ళంలో గాలివాటు చూసి పైనుంచి పోస్తే తూర్పారబట్టడం. జల్లించడం, వడకట్టడం, తేర్చడం సరేసరి. ఒక్కో మాట వెనక ఒక్కో గుణం ఉంది. చెరిగేటప్పుడు బరువూ తేలికా పనిచేస్తాయి, జల్లించేటప్పుడు గింజ పరిమాణం. గాలించేటప్పుడు రాయి బియ్యం కన్నా సాంద్రమైందన్న సంగతి పనిచేస్తుంది. ఇదంతా చెప్పడం నావల్ల కాదని ఒక పిల్ల నానమ్మను బడికి పిలిపించాను. “నాకేం సదువొచ్చు బిడ్డా” అంటూనే ఆమె చేట పట్టింది. ఆ మణికట్టు ఆడిన తీరు చూసి క్లాసంతా గప్‌చుప్! చెరగడానికీ నేమడానికీ తేడా ఏమిటో ఆ రోజు ముప్ఫైమంది కళ్ళారా చూశారు.

మంగళవారం చక్కెర వంతు. గ్లాసు నీళ్ళలో వేసి కలిపి, “ఎటు పోయింది?” అన్నాను. సగం మంది “మాయమైంది” అన్నారు. జెనీవాలో పిల్లల ఆలోచనా తీరును పరిశోధించిన పియాజే, ఇన్‌హెల్డర్ కూడా చిన్నపిల్లల ముందు ఇలాగే నీళ్ళలో చక్కెర కరిగించి ప్రశ్నలు వేశారు. వాళ్ళ పుస్తకం 1941లో వచ్చింది. బాగా చిన్నవాళ్ళు రుచి ఉంటుంది గానీ చక్కెర లేదంటారట. మావాళ్ళదీ అదే మాట. కిరాణా కొట్టు నుంచి తరాజు అరువు తెచ్చాను. ఒక తట్టలో నీళ్ళ గ్లాసు, పక్కన చక్కెర పొట్లం పెట్టి, రెండో తట్టలో బరువులు వేసి సరిచేశాం. తర్వాత చక్కెరను నీళ్ళలో వేసి కలిపి, ఖాళీ కాగితాన్ని మళ్ళీ అక్కడే పెట్టాం. ముల్లు కదల్లేదు. “టీచర్, లోపల్నే ఉన్నది!” అని ఒకడు అరిచిన అరుపు పక్క క్లాసుకు వినిపించింది.

ఎంతవరకు కరుగుతుందో కూడా చూశాం. మామూలు వేడిలో వంద గ్రాముల నీళ్ళు 36 గ్రాముల ఉప్పు దాకా పట్టుకుంటాయి, చక్కెరైతే దాదాపు 200 గ్రాములు. ముందుగా ఊహించమంటే ఒక్కరూ దాని దరిదాపులకు రాలేదు.

ఇక చాయ్. ఆబిడ్స్‌లో, నాంపల్లిలో పెరిగే పిల్లలకు ఇరానీ చాయ్ తెలియకుండా ఎలా ఉంటుంది? డికాక్షన్ ఒక పాత్రలో మూత వేసి గంటల తరబడి మరుగుతుంది. పాలు వేరే పాత్రలో చిక్కబడతాయి. రెండూ కలిసేది కప్పులోనే. అది ఎలాంటి మిశ్రమమో అడగండి. ఒక వర్క్‌బుక్కులో పాలను సజాతీయ మిశ్రమాల, అంటే అంతటా ఒకేలా ఉండేవాటి, గడిలో రాయించి, విజాతీయమన్న పిల్లవాడికి తప్పు పెట్టడం చూసి నాకు మనసు కష్టమైంది. కాచి ఉంచితే మీగడ తేలుతుందని ఆ పిల్లవాడికి తెలుసు. వాళ్ళింట్లో రోజూ చూస్తున్నదే రాశాడు.

పాల సంగతి తేల్చడానికి కిటికీలు మూసి, ఒక గ్లాసులో చక్కెర నీళ్ళు, ఇంకో గ్లాసులో నాలుగు చుక్కల పాలు కలిపిన నీళ్ళు పెట్టి ఫోన్ టార్చి వేశాను. మొదటిదాంట్లో వెలుగు దారి కనిపించలేదు. రెండోదాంట్లో తెల్లటి గీతలా నిలబడింది. పాలలోని కొవ్వు బిందువులూ ప్రొటీను రేణువులూ వెలుగును చెదరగొట్టేంత పెద్దవి, చక్కెర అణువులు కావు. ఇలాంటి వాటికి 1861లో రసాయన శాస్త్రవేత్త థామస్ గ్రాహం కొల్లాయిడ్ అని పేరు పెట్టాడు, గ్రీకులో జిగురు అన్న మాట నుంచి. మన తెలుగు పుస్తకాల్లో అది కాంజికాభం. చాలాకాలం ఆ మాటకు నేను భయపడ్డాను. ఆబిడ్స్ ఫుట్‌పాత్ మీద ఆదివారం పాత పుస్తకాలు పరుస్తారు కదా, అక్కడ దొరికిన నిఘంటువులో చూస్తే కాంజికం అంటే గంజి! గంజిలాంటిది కాంజికాభం. ఎవరు చేసిన మాటో గానీ, వాళ్ళకు దండం పెట్టాలనిపించింది. పిల్లలకు చెప్తే ఇక మర్చిపోలేదు.

బురద నీళ్ళలో పటిక ముక్క తిప్పి చూపించినప్పుడు మన తాగునీటి చెరువు గండిపేట మాట వచ్చింది. 1920లో పూర్తయిన ఆ చెరువు, అంటే ఉస్మాన్‌సాగర్ నీళ్ళను మనకు దగ్గర్లోనే ఆసిఫ్‌నగర్ ఫిల్టర్ బెడ్స్‌లో వడపోస్తారని చెప్తే, “అంత పెద్ద బట్ట యాడిదె?” అని ఒకడు అడిగాడు. ఇసుకే బట్ట అన్నాను. వాడికి నమ్మకం కుదరలేదు. నమ్మకపోవడం మంచిదే. అడుగు చిల్లు పెట్టిన సీసాలో గులకరాళ్ళు, ఇసుక పొరలుగా నింపి వాడి చేతే నీళ్ళు పోయించాను.

శనివారం నుమాయిష్‌కి తీసుకెళ్ళాను. 1938లో పబ్లిక్ గార్డెన్స్‌లో మొదలై, 1946లో నాంపల్లి మైదానానికి వచ్చిన ఎగ్జిబిషన్ అది. అక్కడ అయిదు మిశ్రమాలు చూసి రాసుకురమ్మన్నాను. అత్తరు, బజ్జీల పిండి, షర్బత్, దుకాణాల ముందు లేచే దుమ్ము వచ్చాయి. ఒక పిల్ల అయిదోది ‘గాలి’ అని రాసి, పక్కన చిన్నగా ‘వాసనలు అన్నీ వేరే వేరే తెలుస్తున్నయి’ అని చేర్చింది. ఆ కాగితాన్ని దాచుకున్నాను.

సోమవారం కవ్వం తీసుకెళ్ళాలి. పెరుగు తాను తెస్తానని ఆ పిల్లే అంది. వెన్న ఎందుకు పైకే తేలుతుందో ముందే ఊహించి రాయమన్నాను.