పిడికెడు బియ్యం

మా అమ్మ పొయ్యి మీద ఎసరు పెట్టి, బియ్యం కొలిచి, కడగబోయే ముందు అందులోంచి ఒక పిడికెడు తీసి పక్కనున్న డబ్బాలో వేస్తుంది. నాకు ఊహ తెలిసినప్పటి నుంచీ చూస్తున్నాను. అన్నం అందరికీ సరిపోతుందనుకున్న రోజూ తీసింది, సరిపోదని తెలిసిన రోజూ తీసింది. శనివారం రాత్రి డబ్బాలోవి గుడ్డసంచిలో పోసి మూతి కట్టి, ఆదివారం పొద్దున చర్చికి తీసుకెళ్ళేది. దేవుని పిడికెడు అని మా ఇళ్ళల్లో దాని పేరు. తెలుగునాట చాలా సంఘాల్లో ఉన్న ఆచారమే. అలా వచ్చిన బియ్యాన్ని ఆరాధన అయ్యాక వేలం వేసి, ఆ డబ్బు సంఘం ఖాతాలో జమ చేస్తారు. కాస్త పెద్దయ్యాక నాకు అర్థమైన సంగతి ఏమంటే, పిడికెడు తీసేది ఎప్పుడూ ఆడవాళ్ళే, దాన్ని ఏం చేయాలో తేల్చేది ఎప్పుడూ మగవాళ్ళే.

మాది ఖిలా వరంగల్, పడమరకోట వైపు. చూడ్డానికి వచ్చేవాళ్ళకు అది కాకతీయుల కోట. నాలుగు దిక్కులా నిలబడ్డ రాతి తోరణాలు, వాటి మధ్య స్వయంభూ దేవాలయ శిథిలాలు, ఖుష్ మహల్. మాకది ఊరు. మట్టికోటకూ రాతికోటకూ మధ్య ఉన్న పొలాల్లో అమ్మ నాట్లు వేసింది, కలుపు తీసింది. సీజన్‌లో మిరప తోటల్లో కాయలు ఏరడానికి పోయేది. ముప్పై ఏళ్ళు వంగి పని చేసిన నడుము ఇప్పుడు పూర్తిగా నిటారుగా నిలబడదు.

నేను ఏడో తరగతిలో ఉన్నప్పుడు, క్రిస్మస్ సెలవుల తర్వాత ఒక స్నేహితురాలు మామూలుగానే అడిగింది, ''మీరు బియ్యం కోసం కిరస్తానంలో కలిసినోళ్ళంట గదా?'' అని. ఆ పిల్ల మనసులో ఏ కల్మషమూ లేదు. ఇంట్లో విన్న మాటే అడిగింది. నేను ఇంటికొచ్చి ఏడ్చాను. అమ్మ చేటలో బియ్యం చెరుగుతూ, తలెత్తకుండానే, ''మనం తీసుకునేటోళ్ళమో ఇచ్చేటోళ్ళమో ఆ డబ్బానడుగు బిడ్డా'' అంది.

ఆ జవాబు నాకు అప్పుడు చాల్లేదు. చదువుకున్నకొద్దీ పుస్తకాల్లో వెతుక్కున్నాను. పిహెచ్.డి. పనిలో ఉండగా ఒంగోలు చరిత్ర చదివాను. మా ప్రాంతం కథ కాదది, కానీ ఎత్తిపొడుపు మాత్రం రెండు చోట్లా ఒకటే. 1876-78 కరువు కాలంలో అమెరికన్ బాప్తిస్టు మిషనరీ జాన్ క్లౌ బకింగ్‌హామ్ కాలువ తవ్వకంలో కొంత భాగం కాంట్రాక్టు తీసుకుని ఆకలితో ఉన్నవాళ్ళకు కూలి చూపించాడు. అన్నం కోసం మతంలో చేరుతున్నారన్న మాట రాకూడదని ఏడాదికి పైగా బాప్తిస్మాలే ఆపేశాడు. కరువు పని ముగిశాకే, 1878 జూలై 3న, గుండ్లకమ్మ నదిలో ఒక్కరోజులో 2,222 మందికి బాప్తిస్మం ఇచ్చారు. వాళ్ళలో ఎక్కువమంది మాదిగలు. తిండి దొరికే రోజుల్లో ఆగమంటే ఆగి, తర్వాత వచ్చినవాళ్ళు. అయినా ఆ నింద పోలేదు. నూట నలభై ఏళ్ళు దాటినా మన పిల్లల నోళ్ళలో ఇంకా ఆడుతోంది.

బియ్యం కోసమే అయితే మా సర్టిఫికెట్లు వేరేగా ఉండేవి. 1950 రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం క్రైస్తవ దళితులు షెడ్యూల్డ్ కులాల్లోకి రారు. 1956లో సిక్కు దళితులను, 1990లో బౌద్ధ దళితులను చేర్చారు, మమ్మల్ని చేర్చలేదు. మేము బి.సి.-సి. పదిహేను శాతం రిజర్వేషన్ ఉన్న చోటు నుంచి ఒక్క శాతం ఉన్న చోటుకు వచ్చాం. వాడలో మా ఇల్లు మాత్రం ఒక్క అడుగు కూడా జరగలేదు. కులం మాతోనే చర్చిలోకి వచ్చింది, మాతోనే బయటికీ వస్తోంది.

ఆ వెతుకులాటలోనే ఎమ్మా రోషెన్‌బుష్ క్లౌ కనిపించింది. జాన్ క్లౌ రెండో భార్య, బెర్న్ విశ్వవిద్యాలయంలో డాక్టరేటు తీసుకున్న మనిషి. స్త్రీల హక్కుల గురించి 1792లోనే రాసిన మేరీ వుల్‌స్టన్‌క్రాఫ్ట్ మీద ఆమె పుస్తకం 1898లో వచ్చింది. మరుసటి ఏడాదే, ముసలి మాదిగ బోధకులు చెప్పిన సంగతులు విని రాసిన 'వైల్ సూయింగ్ శాండల్స్' వచ్చింది. నాకు ఎంత సంతోషమైందో చెప్పలేను. స్త్రీవాదమూ మా వాడా ఒకే మనిషి బల్ల మీద పక్కపక్కన ఉన్నాయి కదా! ఆ ఊపులో క్రైస్తవం, పితృస్వామ్యం అంటూ సెమినార్లలో పేపర్లు చదివాను. చప్పట్లు కూడా వచ్చాయి. ఆ రోజుల్లోనే, 2012 వానాకాలంలో, మా ఇంట్లో జరిగింది ఇది.

మా ఇంటికి రెండు సందుల అవతల ఒకామె ఉండేది. ఆమె భర్త సంఘ పెద్దల్లో ఒకడు. తాగి కొట్టేవాడు. ఒకసారి ఆమె అయ్యగారి దగ్గరికి పోతే ఆయన తలమీద చెయ్యిపెట్టి ప్రార్థన చేసి, భర్తకు లోబడి ఉండమని వాక్యం చూపించి తిరిగి పంపించాడు. రెండోసారి ఆమె చర్చికి పోలేదు. శనివారం రాత్రి వానలో ఇద్దరు పిల్లలతో మా గుమ్మం ముందు నిలబడింది.

అప్పట్లో స్త్రీల సమాజం తరఫున బియ్యం పోగు చేసే పని అమ్మది. వేలం రెండు మూడు వారాలుగా జరగలేదు. ముప్పై ఇళ్ళ పిడికెళ్ళు మా ఇంట్లో మూటలుగా ఉన్నాయి. ఆ రాత్రి ఆమెకు అన్నం పెట్టింది. తెల్లారి వాళ్ళను తల్లిగారింటికి పంపిస్తూ ఆ మూటలన్నీ విప్పి ఒక బస్తాలో పోసి ఆటో ఎక్కించింది. ''చేతులూపుకుంట పోతే తల్లిగారింట్ల గూడ నాలుగు రోజులే మంచిగ చూస్తరు'' అంది.

తర్వాత జరిగింది మీరు ఊహించగలరు. దేవుని సొమ్ము కమిటీని అడగకుండా ఇచ్చిందన్నారు. ఆ మాట అన్నవాళ్ళలో ఆ భర్త కూడా ఉన్నాడు. అమ్మ దోషిలా నిలబడి, ''ఆకలైనోళ్ళకు పెడితే నాకు పెట్టినట్టే అన్నడు గదయ్యా ప్రభువు. ఆయన బియ్యం ఆయనకే ఇచ్చిన'' అంది. మూడు నెలలు ప్రభువు బల్లకు దూరంగా ఉండాలని తీర్మానం చేశారు.

నేను హాస్టల్ నుంచి కోపంతో వచ్చాను. ఆ చర్చిలో ఇంక అడుగు పెట్టొద్దన్నాను. ఇన్ని పుస్తకాలు చదివిన నాకు ఇదంతా ఏమిటో బాగా తెలుసు, పితృస్వామ్యం ఎలా పనిచేస్తుందో అరగంట వివరించాను. అమ్మ అంతా విని, ''బల్ల వాళ్ళది గాదు బిడ్డా. నేను పోకుంటె వాళ్ళదే అయితది'' అంది.

మరుసటి ఆదివారం ఆమెతో వెళ్ళాను. బల్ల ఆచరించే సమయంలో అందరూ లేచారు. అమ్మ చాప మీద కూర్చునే ఉంది. ఆమె పక్కనున్న ముసలవ్వ కూడా లేవలేదు. అయ్యగారు ఆమె వైపు చూస్తే, ''ఆ మూటల్ల మా ఇంటి బియ్యం గూడ ఉన్నయయ్యా. నేనిచ్చినట్టే గదా, నన్ను గూడ రానియ్యకుండ్రి'' అంది. ఇంకో ఇద్దరు లేచినవాళ్ళు మళ్ళీ కూర్చున్నారు. మొత్తం నలుగురు. మిగతా ఆడవాళ్ళు తల వంచుకుని ముందుకు వెళ్ళారు. వాళ్ళను తప్పు పట్టలేను, వాళ్ళ ఇళ్ళల్లో ఏముందో నాకేం తెలుసు? నేను మాత్రం ఎవరితోనూ కూర్చోలేదు. గుమ్మం బయట చెప్పుల దగ్గర నిలబడి చూశాను. ఇప్పటికీ అది గుర్తొస్తే సిగ్గుగా ఉంటుంది.

లూకా సువార్త పదమూడో అధ్యాయంలో పద్దెనిమిదేళ్ళుగా నడుము వంగిపోయిన ఒక స్త్రీ ఉంది. సమాజమందిరంలో యేసు ఆమెను చూసి, ఆమె అడక్కుండానే పిలిచి, చేతులు ఉంచి నిటారుగా నిలబెడతాడు. మందిరపు అధికారికి కోపం వస్తుంది. విశ్రాంతి దినాన ఇదేమిటి, బాగుపడాలంటే మిగతా ఆరు రోజుల్లో రండి అంటాడు. ఆ మాట కూడా యేసుతో అనడు, జనంతో అంటాడు. దానికి యేసు, మీ ఎద్దునూ గాడిదనూ విశ్రాంతి దినాన కట్టు విప్పి నీళ్ళకు తోలుకుపోరా, మరి ఈమె కట్టు విప్పకూడదా అని అడుగుతాడు. ఆమెను అబ్రాహాము కుమార్తె అంటాడు. ఈ కథను నేను చాలాసార్లు విశ్లేషించాను. కానీ కట్టు విప్పడం అంటే ఏమిటో అమ్మ ఆ మూటలు విప్పాకే నాకు తెలిసింది. యేసును వెంబడించడం గురించి అమ్మ ఎప్పుడూ మాట్లాడలేదు. సాక్ష్యం చెప్పమంటే కూడా లేచి రెండు ముక్కలు చెప్పి కూర్చునేది.

జి. కల్యాణరావు 'అంటరాని వసంతం' (2000)లో తరతరాల జ్ఞాపకం రూతుది. మా సంఘం రిజిస్టర్‌లో అలాంటి రూతులెవరూ లేరు. స్త్రీల సమాజం ద్వారా వచ్చిన బియ్యం ఇన్ని కిలోలు అని ఉంటుంది. 2013లో నంద్యాల అధ్యక్ష మండలానికి ఎగ్గోని పుష్పలలిత బిషప్ అయ్యారు. దక్షిణ ఇండియా సంఘంలో మొదటి మహిళా బిషప్ ఆమే. మా సంఘం వేరే అయినా ఆ వార్త అమ్మకు గొప్పగా చదివి వినిపించాను. సంతోషపడింది. కాసేపాగి, ''మరి బియ్యం లెక్క ఎవరు రాస్తున్నరంట?'' అని అడిగింది. నా థీసిస్ మొత్తంలో ఈ ప్రశ్న లేదు.

మూడు నెలలయ్యాక అమ్మను మళ్ళీ బల్లకు పిలిచారు. ఎవరూ క్షమాపణ అడగలేదు. బియ్యం పోగుచేసే పని ఇంకొకరికి ఇచ్చారు. ఆ వెళ్ళిపోయినామె తల్లిగారి ఊళ్ళోనే కూలి చేసుకుని పిల్లలను చదివించింది. కమిటీలో ఈనాటికీ ఆడమనిషి లేదు. అమ్మ గెలిచిందని రాయడానికి నా దగ్గర ఆధారాలేమీ లేవు.

నేనిప్పుడు హనుమకొండలో అపార్టుమెంటులో ఉంటున్నాను. విశ్వాసివా అని ఎవరైనా అడిగితే తడుముకుంటాను. చర్చికి పండగలకు తప్ప పోను. కానీ రెండేళ్ళ కింద ఒకరోజు కుక్కర్లో బియ్యం పోస్తూ చెయ్యి దానంతటదే ఒక పిడికెడు వెనక్కి తీసింది. అప్పటి నుంచీ తీస్తున్నాను. డబ్బా నిండింది. ఎవరికివ్వాలో తోచక తిరిగి మా బియ్యం డ్రమ్ములోనే పోశాను. అలా మూడుసార్లు జరిగింది. ఆకలి గురించి పేపర్లు రాసిన నాకు ఇవ్వడానికి ఒక మనిషి పేరు తెలియలేదు.

మొన్న సంక్రాంతి తర్వాత అమ్మ వచ్చి వారం రోజులుంది. మూడో రోజు సాయంత్రం నేను కాలేజీ నుంచి వచ్చేసరికి డబ్బా ఖాళీగా ఉంది. మా మెట్ల కింద గదిలో ఉండే వాచ్‌మన్ భార్య పేరు, ఆమెది ఏ ఊరో, ఆమె చేతి మీద ఆ మచ్చ ఎలా వచ్చిందో అమ్మ నాకు చెప్పింది. ఆ గది ముందు నుంచి నేను ఏడాదిన్నరగా రోజూ నడుస్తున్నాను.