వేసేసిన బంతి

చలి ముదిరింది. చేతిలో వేడి చాయ్ ఉంటే ఇంకాస్త దగ్గరికి జరిగి కూర్చోండి. గుడిమల్కాపూర్‌లో చెప్పుకోవాల్సిన కబురొకటి ఉంది. మన పూల మార్కెట్ నుంచి బయల్దేరి నానల్ నగర్ చౌరస్తా దాటితే టోలిచౌకి. అక్కడి ఆటో డ్రైవర్ గారబ్బాయి గురించే ఈ కబురంతా. మీరు ఈపాటికే పోల్చుకుని ఉంటారు, క్రికెటర్ మహమ్మద్ సిరాజ్.

అతను ఎన్ని వికెట్లు తీశాడో మన గల్లీలో ఏ పిల్లాణ్ని అడిగినా చెబుతాడు. నా మనసు మాత్రం ఇంకోచోట ఆగుతుంది. మనిషై పుట్టాక "అయ్యో, అప్పుడలా చేయకుండా ఉండాల్సింది" అన్న బాధ లేనివాళ్లెవరు? మీకూ ఉంటుంది, నాకూ ఉంది. దాన్ని జీవితాంతం మోయాలా, ఎక్కడో ఒకచోట దించుకోవచ్చా? సిరాజ్ బతుకులో మూడు సందర్భాలు చూశాక నాకు కొంత దారి కనిపించింది. అవి చెబుతాను, వినండి.

మొదటిది 2020 నవంబర్ 20. కరోనా రోజులు. భారత జట్టుతో ఆస్ట్రేలియా వెళ్లి సిడ్నీలో క్వారంటైన్‌లో ఉన్నాడు. ఇక్కడ హైదరాబాద్‌లో తండ్రి మహమ్మద్ గౌస్ గారు కన్నుమూశారు. ఆటో నడిపిన సంపాదనతోనే కొడుకు ఆటను నిలబెట్టిన మనిషి ఆయన. కావాలంటే ఇంటికి వెళ్లిరమ్మని క్రికెట్ బోర్డు చెప్పింది. తల్లి ఫోన్‌లో, అక్కడే ఉండి నాన్న కోరుకున్నది చేయమంది. సిరాజ్ ఉండిపోయాడు.

తర్వాతి సంగతి మీకు తెలుసు. డిసెంబర్ 26న మెల్‌బోర్న్‌లో తొలి టెస్టు, ఆ మ్యాచ్‌లో 5 వికెట్లు. జనవరిలో బ్రిస్బేన్ రెండో ఇన్నింగ్స్‌లో 73 పరుగులకు 5 వికెట్లు. సిరీస్ మొత్తంలో 13 వికెట్లతో మన జట్టులో అందరికన్నా ముందు నిలిచాడు. జనవరి 21న శంషాబాద్‌లో విమానం దిగి నేరుగా తండ్రి సమాధి దగ్గరికి వెళ్లాడు.

"గెలిచాడు కాబట్టి ఉండిపోవడమే మంచిదైంది" అంటారు చాలామంది. నేనలా అనను. ఒక్క వికెట్టూ పడకపోయినా ఆ నిర్ణయం సరైనదే అయ్యేది. తల్లి మాట విన్నాడు, తండ్రి కోరిక తలచుకున్నాడు, తెలిసి తెలిసి అడుగు వేశాడు. ఆ పూట మనకు తెలిసినదాంతో నిజాయితీగా నిర్ణయం తీసుకుంటే చాలు, ఫలితం వచ్చి దాన్ని తప్పు చేయలేదు. ఇక సిడ్నీ టెస్టులో జాతీయగీతం వేళ అతని కళ్లు తడిశాయే, అది దుఃఖం. దుఃఖాన్ని దించుకోమని నేనెవరికీ చెప్పను. ప్రేమించిన మనిషి పోతే అది ఉండి తీరాలి. కానీ "ఎందుకుండిపోయానా" అన్న ప్రశ్నను ఆ దుఃఖంలో కలపనివ్వకూడదు.

సిడ్నీ అనగానే నాకు కరణం మల్లీశ్వరి గుర్తొస్తుంది. 2000 సెప్టెంబర్ 19, అక్కడి ఒలింపిక్స్‌లో వెయిట్‌లిఫ్టింగ్ 69 కిలోల విభాగం. మన శ్రీకాకుళం జిల్లా ఆడపడుచు స్నాచ్‌లో 110, క్లీన్ అండ్ జెర్క్‌లో 130, మొత్తం 240 కిలోలు ఎత్తింది. ఆమెకన్నా ముందున్న ఇద్దరివీ 242.5 కిలోలే. ఆఖరి ప్రయత్నం మిగిలి ఉంది. 132.5 అడిగి ఎత్తి ఉంటే మొత్తంలో వాళ్లతో సమానమయ్యేది. ఆమె 137.5 అడిగింది. బంగారం కోసమే అడిగింది. బరువు లేవలేదు. కంచు దక్కింది. ఒలింపిక్ పతకం గెలిచిన తొలి భారతీయ మహిళ అయింది.

ఇన్నేళ్ల తర్వాత కూడా ఆ అయిదు కిలోల తేడా చుట్టూ లెక్కలు వేసేవాళ్లున్నారు. లెక్కలు ఇంట్లో కూర్చుని ఎన్నయినా వేయొచ్చు. ఆ బార్ ముందు నిలబడ్డ మనిషికి ఉన్నది ఒక్క ప్రయత్నం. అందులో అన్నిటికన్నా పెద్దదాన్నే ఆశించింది. అంత ధైర్యం చేసిన మనిషిని చూసి నేను గర్వపడతాను తప్ప జాలిపడను. సిరాజ్ నిర్ణయానికి గెలుపు తోడొచ్చింది, మల్లీశ్వరి ప్రయత్నానికి రాలేదు. రెండింటికీ నా లెక్కలో ఒకే విలువ.

సిరాజ్ బతుకులో రెండో సందర్భం 2025 జులై 14, లార్డ్స్‌లో ఇంగ్లండ్‌తో టెస్టు. గెలవడానికి మనకు 193 పరుగులు కావాలి. జడేజా ఒక కొస పట్టుకుని 61తో అజేయంగా నిలిచాడు. రెండో కొసన ఆఖరివాడు సిరాజ్. 30 బంతులు కాచుకున్నాడు. షోయబ్ బషీర్ వేసిన బంతిని చక్కగానే అడ్డుకున్నాడు. అది బ్యాట్‌కు తగిలి కిందపడి, మెల్లగా దొర్లుకుంటూ వెళ్లి వికెట్లను తాకింది. ఒక బెయిల్ పడింది. 22 పరుగులతో ఓడిపోయాం. సిరాజ్ పిచ్ మీదే కూలబడ్డాడు. ప్రత్యర్థి ఆటగాళ్లే వచ్చి ఓదార్చారు.

ఇందులో అతని తప్పేముంది చెప్పండి? ఏమీ లేదు. అయినా కుంగిపోయాడు. మనమూ అంతే. మన చేతిలో లేని వాటికి కూడా మనల్ని మనమే దోషులుగా నిలబెట్టుకుంటాం. ఇంట్లో ఎవరికో జబ్బు చేస్తుంది, ఒక సంవత్సరం వాన మొహం చాటేస్తుంది, కలిసిరావాల్సిన సంబంధం తప్పిపోతుంది. చేయగలిగిందంతా చేశాక జరిగినదానికి ఏడవండి. నేరం మాత్రం నెత్తిన వేసుకోవద్దు.

మూడోదే అసలు కష్టమైనది, ఎందుకంటే ఇక్కడ తప్పు నిజంగా ఉంది. అదే సంవత్సరం ఆగస్టు 3, ఓవల్. ఇంగ్లండ్ లక్ష్యం 374. హ్యారీ బ్రూక్ 19 మీద ఉండగా కొట్టిన బంతిని సిరాజ్ బౌండరీ దగ్గర చేతుల్లోకి తీసుకున్నాడు. ఒక్క అడుగు వెనక్కి పడింది, కాలు తాడుకు తగిలింది. ఔటు కావాల్సింది సిక్సరైంది. ఆ బ్రూక్ 111 దాకా వెళ్లాడు. సాయంత్రానికి ఇంగ్లండ్‌కు 35 పరుగులు చాలు, 4 వికెట్లు చేతిలో ఉన్నాయి.

ఆ రాత్రి సిరాజ్‌కు నిద్ర ఎలా పట్టిందో మనం ఊహించుకోవచ్చు. మర్నాడు పొద్దున్నే లేచి ఫోన్‌లో నమ్మకం అనే మాట ఉన్న బొమ్మ వెతికి వాల్‌పేపర్‌గా పెట్టుకున్నాడు. తర్వాత తనే చెప్పాడు. పడాల్సిన 4 వికెట్లలో 3 అతనివే. చివరిది యార్కర్, అట్కిన్సన్ స్టంప్ ఎగిరింది. 6 పరుగులతో గెలిచాం. టెస్టుల్లో పరుగుల లెక్కన మనకు అంత తక్కువ తేడాతో గెలుపు అంతకుముందు లేదు. ఆ క్యాచ్ మ్యాచ్‌ను మార్చిన క్షణమని అతను దాచకుండా ఒప్పుకున్నాడు కూడా.

మన పూల మార్కెట్‌కు తెల్లవారుజామున వెళ్లి చూడండి. మూఢంలో బంతిపూల ధర పడిపోయి, తెచ్చిన బస్తాలు అలాగే పారబోసి వెళ్లిన రైతు, మర్నాడు చీకటితోనే కొత్త పూలు కోసుకుని మళ్లీ వస్తాడు. నష్టం మర్చిపోయి రాడు. ఈసారి ఎన్ని కోయాలో, ఎప్పుడు కోయాలో లెక్క చూసుకుని వస్తాడు. తప్పు నుంచి తీసుకోవాల్సింది ఆ లెక్కే.

ఓవల్ స్కోరుకార్డు ఒకసారి తీసి చూడండి. బ్రూక్ 111 అందులోనే ఉంది, సిరాజ్ 104 పరుగులకు 5 వికెట్లూ అందులోనే ఉన్నాయి. అయిదు వికెట్లు వచ్చాయని ఆ నూటపదకొండు చెరిగిపోలేదు. చెరిగిపోవాల్సిన అవసరమూ లేదు. విచారం లేని బతుకంటే మచ్చలేని బతుకని మనం అనుకుంటాం, అందుకే అది మనకు అందదనుకుంటాం. తప్పును తప్పుగా రాసి ఉంచి, దాని కిందే మర్నాటి పనిని కూడా రాయగలగడం చాలు. అది మీ వల్లా అవుతుంది, నా వల్లా అవుతుంది. మాట తూలి దూరం చేసుకున్న మనిషి ఉంటే రేపే వెళ్లి పలకరించండి. ఆ మనిషి క్షమిస్తారా లేదా అన్నది వాళ్ల ఇష్టం. వెళ్లడం మాత్రం మన చేతిలో ఉంది.