కాలు తీసి చూపుమనుట

విమానమెక్కబోవువారిని సోదా చేయవలదని ఎవరును అనరు. వందలమంది ప్రాణములు ఒక్క వాహనమును నమ్ముకొని ఆకాశమున పోవునపుడు, ఎక్కువారి సంచులను, దేహములను పరీక్షించుట అవసరమే. కాని పరీక్షింపవలసినది ప్రమాదమును, అంగవైకల్యమును గాదు. ఈ భేదము కొందఱు ఉద్యోగులకే గాక మన యిండ్లలోని వారికిని ఇంకను తెలిసినట్లు తోచదు.

మా మేనత్తకు మధుమేహమువలన మోకాలిక్రింద కుడికాలు తీసివేసిరి. ఆమె ధరించునది జైపూరుకాలు. 1968 ప్రాంతమున జైపూరులో రామచంద్రశర్మ యను శిల్పియు, డాక్టరు పి. కె. సేఠీయు కలసి రూపొందించిన యీ రబ్బరుపాదము మన దేశపు అలవాట్లకు తగినది. చెప్పులు లేక నడువవచ్చును, గొంతుకూర్చుండవచ్చును. దానితోనే ఆమె తులసికోట చుట్టు తిరుగును, పీటమీద కూర్చుండి కూరలు తరుగును. ఆమెకది సామాను కాదు, కాలు.

రెండేండ్ల క్రిందట ఢిల్లీలోని కుమార్తెను చూడబోవునపుడు నేను తోడుంటిని. ఒక విమానాశ్రయములో లోహమును కనిపెట్టు ద్వారము మ్రోగెను. (మ్రోగక మానునా?) కాలు తీసి పళ్లెములో పెట్టుడని అచ్చటి ఉద్యోగిని ఆజ్ఞాపించెను. తీయవలెనన్న చీర మోకాలికి పైగా ఎత్తవలెను. పట్టీలు విప్పి, మేజోడు లాగి, ఒంటికాలిమీద నిలువవలెను. అచ్చట కుర్చీయైనను లేదు. తెర యున్నదిగాని సగమే మూసినది. అత్తయ్య కదలలేదు. ఇంతలో ఆమె అల్లుడు తెరవెలుపలినుండి, “ఒక్క నిమిషమే గదా అత్తయ్యా, తీసి యిచ్చివేయండి, వెనుక అందఱును కాచుకొని యున్నారు” అని తొందరపెట్టెను. ఉద్యోగిని ఆజ్ఞకన్న ఆ మాటయే తనను ఎక్కువ నొప్పించినదని ఆమె తరువాత నాతో చెప్పెను. రైలులో అంతదూరము కూర్చుండజాలదు. విమానము మరల ఎక్కనన్నది. నిరుడు మనుమరాలి అన్నప్రాశనకును పోలేదు.

నర్తకి సుధాచంద్రన్ తెలుగువారికి క్రొత్త కాదు. 1981లో బస్సుప్రమాదమునకు లోనై కుడికాలు కోల్పోయి, జైపూరుకాలితో మరల రంగమెక్కిన యామె కథయే మన ‘మయూరి’ చిత్రము. అందు నటించినదియు ఆమెయే. అట్టి యామెయు, ప్రతి ప్రయాణమునందును కాలు తీయుమనుచున్నారని 2021 అక్టోబరులో ప్రధానమంత్రికి మొఱపెట్టుకొనవలసి వచ్చెను. భద్రతాదళమువారు క్షమాపణ చెప్పుచు, అసాధారణ పరిస్థితులలో దక్క కృత్రిమాంగములను తీయింపరాదన్నదే తమ నియమమనిరి. నియమమున్నది! దానిని ద్వారమువద్ద నిలుచువారికి నేర్పినవారేరి? ఆ డిసెంబరులోనే సుప్రీంకోర్టును, మనుష్యమర్యాద నిలుపుటకై సోదాలో కృత్రిమాంగములు తీయుమనరాదని పలికెను.

తీయింపక పరీక్షించు ఉపాయమును లేకపోలేదు. చిన్న గుడ్డపీలికతో కాలిని, చేతులను తుడిచి యంత్రమున నుంచినచో, ప్రేలుడుపదార్థపు జాడ యున్నయెడల కొన్ని క్షణములలో తెలియును. అమెరికాలో ప్రయాణమునకు 72 గంటల ముందే భద్రతాశాఖవారికి ఫోను చేసి సహాయము కోరవచ్చును. ప్రత్యేకమైన గదిలో, తోడువారి యెదుట పరీక్షింపుడని అడుగవచ్చును. అచ్చటి బిడ్డలను చూడబోవు మన పెద్దలలో ఎందఱో చక్రాల కుర్చీ నడుగుటయే నామోషీ యనుకొందురు. ఇక గది నెట్లడుగుదురు? అడుగనీయనిదియు తఱచుగా ఇంటివారే. నలుగురిలో గొడవ యెందుకనుట మనకు మర్యాదయై కూర్చున్నది. ఆ మర్యాద వెల చెల్లించువారు మాత్రము ఒంటికాలిమీద నిలిచినవారు.

ఈ సంగతులన్నియు అత్తయ్యకు చదివి వినిపించితిని. “మా అల్లునికిగూడ వినిపించవే అమ్మాయీ” అన్నది. టిక్కెట్టు మాత్రము ఇంకను కొననీయలేదు.