తెనాలి టు చీరాల, సైకిల్ మీద

తెనాలిలో రైలెక్కితే చీరాల గంట ప్రయాణం. ఈ సంగతి మన హాస్టల్లో అందరికీ తెలుసు. శనివారం వస్తే ప్యాసింజర్లో కిటికీ పక్క సీటు కోసం కొట్టుకునేది మనమే కదా. అందుకే ఫిబ్రవరి రెండో శనివారం నేను సైకిల్ మీద ఇంటికి పోతున్నానంటే మా రూమ్మేట్ నా నుదుటి మీద చెయ్యి పెట్టి చూశాడు. అరవై కిలోమీటర్ల దారి. గేర్లు లేని సెకండ్ హ్యాండ్ సైకిల్. "ఏంట్రా, స్టేటస్ కోసమా?" అన్నాడు.

స్టేటస్ కోసం కాదు. అంతకు ముందు వారం నాన్న ఫోన్ చేశాడు. "మగ్గం గుంట పూడ్చాలిరా. ఇల్లు అద్దెకిస్తున్నాం. నువ్వుంటే ఒక చెయ్యి సాయం ఉంటుంది" అన్నాడు. మా అన్నకి హైదరాబాద్‌లో ఉద్యోగం. మార్చిలో అమ్మ, నాన్న, నాయనమ్మ ముగ్గురూ వాడి దగ్గరికే వెళ్లిపోతున్నారు. నాన్న నడుం ఇంక మగ్గం మీద కూర్చోనివ్వడం లేదు. ఇక మీదట నేను "ఇంటికి పోతున్నా" అంటే అది కూకట్‌పల్లి అన్నమాట. అక్కడికి సైకిల్ మీద పోలేను. చీరాలకి పోగలిగే రోజు ఇదొక్కటే మిగిలింది అనిపించింది. అంతే.

దారి నాకు కొత్తది కాదు. మా తాత ఈ ఊళ్లన్నీ సైకిల్ మీద చీరల మూట కట్టుకుని తిరిగేవాడు. చీర ఇప్పుడు, డబ్బులు కోతలయ్యాక. నాన్న చేతికొచ్చేసరికి సైకిల్ పోయి టీవీఎస్ వచ్చింది. నాకు ఎనిమిదేళ్లు వచ్చేదాకా సంక్రాంతి సెలవుల్లో నన్ను ముందు నిలబెట్టుకుని బాకీల వసూలుకి తిప్పేవాడు. అందుకని గూగుల్ మ్యాప్స్ ఇచ్చిన నీలం గీత పక్కన పెట్టేశా. గ్రాఫ్ థియరీలో ఎడ్జ్ వెయిట్ అంటే కిలోమీటర్లో నిమిషాలో అని రాసి మార్కులు తెచ్చుకున్నాం. నాన్న గ్రాఫ్‌లో వెయిట్లు వేరే ఉండేవి. ఏ ఊళ్లో అడక్కుండా మంచినీళ్లిస్తారు, ఏ ఊళ్లో బాకీ మాటెత్తితే లోపలికెళ్లి తలుపేసుకుంటారు, ఏ సందులో కుక్కలు వెంటపడతాయి. ఆ వెయిట్లతో లెక్కేస్తే వచ్చే దారి మెయిన్ రోడ్డు కాదు. రైలు పట్టాలకి అటూ ఇటూ మారుతూ, పొలాల మధ్య నుంచి, కాలువ గట్ల మీద నుంచి పోతుంది.

ఐదున్నరకి బయల్దేరాను. చినరావూరు దాటేసరికి వెలుతురొచ్చింది. మంచు ఇంకా కరగలేదు. వరి ఎప్పుడో ఇంటికెళ్లిపోయింది, పొలాల్లో మినుములు, మొక్కజొన్న. డెల్టాలో సైకిల్ తొక్కడంలో ఒక సుఖం ఉంది. ఎత్తు అనేది ఉండదు, కాలువ మీద వంతెన ఎక్కడమే మనకి హిమాలయం.

మొదటి ఊరు చుండూరు. రైల్లో అయితే ఈ బోర్డు మనకి రెండు నిమిషాల హాల్ట్. 1991 ఆగస్టు 6న ఇక్కడ ఎనిమిది మంది దళితుల్ని వెంటాడి చంపారు. మిగిలిన కుటుంబాలు ప్రాణాలు అరచేతిలో పెట్టుకుని తెనాలికి చేరాయి. చనిపోయినవాళ్లని ఊరి మధ్యే పూడ్చిపెట్టారు, ఆ చోటుని రక్తక్షేత్రం అంటారు. కేసు కోసం ఊళ్లోనే ప్రత్యేక కోర్టు పెట్టారు. 2007లో శిక్షలు పడ్డాయి. 2014లో హైకోర్టు వాటిని కొట్టేసింది. చిన్నప్పుడు ఈ ఊరు దాటేదాకా నాన్న మాట్లాడేవాడు కాదు. ఎందుకో అప్పట్లో నాకు తెలీదు. కాలేజీకొచ్చాకే, అదీ ఫోన్లో చదివి తెలుసుకున్నా. మా స్కూల్లో అమెరికన్ సివిల్ వార్ మీద ప్రాజెక్ట్ చేయించారు. ఇంటికి నలభై కిలోమీటర్ల దూరంలో జరిగింది మాత్రం ఏ క్లాసులోనూ రాలేదు. నేను కూడా మాట్లాడకుండానే, బెల్లు కొట్టకుండా ఆ ఊరు దాటాను.

మోదుకూరు మీదుగా నిడుబ్రోలు చేరేసరికి ఎనిమిదైంది. పొన్నూరు, నిడుబ్రోలు కలిసిపోయి ఒకటే ఊరైనా స్టేషన్ పేరు మాత్రం నిడుబ్రోలే. ఇది ఎన్.జి. రంగా గారి ఊరు. ఆయన్ని మనం రైతు నాయకుడనే అనుకుంటాం, గుంటూరులోని వ్యవసాయ యూనివర్సిటీకి పేరు కూడా ఆయనదే. కానీ ఆయన 1930లోనే చేనేతవాళ్ల బతుకుల మీద, వాళ్ల ఆదాయాల మీద ఇంగ్లిష్‌లో ఒక పుస్తకం వేశారు. చీరాల ఎమ్మెల్యేగా పనిచేసిన చేనేత నాయకుడు ప్రగడ కోటయ్య గారు పుట్టిందీ ఇక్కడే. అంటే మా మగ్గాల గోడు వినిపించిన పెద్దోళ్లిద్దరూ మినుముల చేల మధ్య నుంచి వచ్చారు.

రోడ్డు పక్క బండి దగ్గర ఇడ్లీ తింటుంటే ఆవిడ అడిగింది. "ఎందాకా బాబూ?"

"చీరాల అండి."

"సైకిల్ మీదా? రైల్లేదా?" అని, నా క్యారియర్ మీద కట్టిన బ్యాగు చూసి నవ్వింది. "ఇదివరకు మీ చీరాలోళ్లు సైకిళ్ల మీద చీరలు తెచ్చేవాళ్లు. ఇప్పుడెవరూ రావట్లా. వాట్సాప్‌లో ఫొటోలు పెడతన్నారు. మరి నువ్వేం తెచ్చా?"

"ల్యాప్‌టాప్ అండి."

"అదెవరు కొంటారు ఈ ఊళ్లో!" అంది.

మా తాత కూడా ఆ మూటలోళ్లలో ఒకడని చెప్పాను. పేరడిగింది. చెప్తే గుర్తు రాలేదు. "చానా మంది వచ్చేవాళ్లులే బాబూ" అంది, నేను బాధపడతానేమో అన్నట్టు. నిజంగా నాకు అదే నచ్చింది. ఒక్కడు కాదు, చానా మంది.

మాచవరం, అప్పికట్ల. ఇక్కడ చైన్ ఊడింది. గట్టు మీద గడ్డి కోస్తున్న పెద్దాయన వచ్చి, నేను వద్దనే లోపే చేతికి మసి పూసుకుని ఎక్కించేశాడు. ఎవరి అబ్బాయివని అడగలేదు, ఏ ఊరని అడగలేదు. "గాలి తక్కువుంది, బాపట్లలో కొట్టించుకో" అని మళ్లీ కొడవలి పట్టుకున్నాడు.

బాపట్లలో గాలి కొట్టించుకుని, భావనారాయణస్వామి గుడి వీధిలో చెట్టు కింద కాసేపు కూర్చున్నా. ఊరికి పేరొచ్చింది ఈ దేవుడి నుంచే అంటారు. భావపురి కాస్తా బాపట్ల అయిందట. 2022 ఏప్రిల్ నుంచి ఇది మా జిల్లా కేంద్రం. మా నాయనమ్మ చీరాలలో పుట్టినప్పుడు అది గుంటూరు జిల్లా. 1970లో ఒంగోలు జిల్లా వచ్చి, తర్వాత దానికి ప్రకాశం అని పేరు పెట్టారు. ఇప్పుడు బాపట్ల జిల్లా. అంటే ఆవిడ ఊరు దాటి కాపురం పెట్టకుండానే మూడు జిల్లాలు మారింది. డెబ్బై ఐదేళ్లకి మొదటిసారి ఆవిడే కదలబోతోంది.

బాపట్ల దాటాక నేల మారిపోతుంది. నల్లరేగడి అయిపోయి ఇసక మొదలు. సరుగుడు తోటలు, తాళ్లు, వేరుశనగ. రైల్లో ఇది తెలీదు. సైకిల్ మీద తొడలకి తెలుస్తుంది. మట్టి రోడ్డు వచ్చిన చోటల్లా చక్రం దిగబడుతుంది. పైగా పదకొండు దాటాక సముద్రం మీద గాలి లేచింది. సముద్రం కనపడదు, గాలి మాత్రం పక్క నుంచి తోస్తూనే ఉంటుంది. ఈ 15 కిలోమీటర్లకీ ముందు 45 కిలోమీటర్లకీ పట్టినంత ఓపిక పట్టింది.

మధ్యలో స్టువర్టుపురం. ఈ పేరు వినగానే మీకు దొంగలు, 2023లో వచ్చిన టైగర్ నాగేశ్వరరావు సినిమా గుర్తొస్తాయని తెలుసు. మా స్కూల్ బస్సులో కూడా అవే జోకులు. అసలు సంగతేంటంటే, బ్రిటిష్‌వాళ్లు కొన్ని కులాల్ని పుట్టుకతోనే నేరస్తులని చట్టం చేసి, 1910లలో ఎరుకలవాళ్లని తెచ్చి ఇక్కడ సెటిల్‌మెంట్ పెట్టారు. నడిపింది సాల్వేషన్ ఆర్మీ. మద్రాసు ప్రభుత్వంలో పెద్ద అధికారి హెరాల్డ్ స్టువర్ట్ పేరు ఊరికి పెట్టారు. హాజరు వేయించుకోవాలి, పర్మిషన్ లేకుండా ఊరు దాటకూడదు. ఆ చట్టం పోయింది 1952లో. ఊరి పేరుకి అంటుకున్న మచ్చ ఇంకా పోలేదు. నేను దాటేటప్పుడు ముగ్గురు పిల్లలు సైకిళ్లేసుకుని నాతో రేసు పెట్టారు. ఊరి చివరిదాకా వచ్చి, నన్ను ఓడించి, వెనక్కి తిరిగారు.

అప్పుడు తట్టింది. ఉదయం నుంచి నేను దాటినవన్నీ ఊరు వదలడం గురించిన కథలే. చుండూరులో ఊళ్లో ఉండనివ్వక పోయారు. ఇక్కడ ఊరు దాటి పోనివ్వలేదు. ఇక మా చీరాల కథ ఇంకో రకం. 1919లో ప్రభుత్వం చీరాల, పేరాలని కలిపి మునిసిపాలిటీ చేసింది. పన్నులు ఎన్నో రెట్లు పెరిగాయి. నేతపని వాళ్లు, కూలీలు కట్టలేమన్నారు. 1921లో దుగ్గిరాల గోపాలకృష్ణయ్య గారు ముందు నిలబడితే, జనం ఇళ్లకి తాళాలేసి ఊరి బయటికి నడిచారు. మునిసిపాలిటీ హద్దు అవతల పాకలేసుకుని, దానికి రామనగర్ అని పేరు పెట్టుకున్నారు. ఎండలకీ, వానలకీ అక్కడే. దుగ్గిరాల గారిని జైల్లో పెట్టాక కూడా చాలాకాలం నిలిచారు. మొత్తం సుమారు 11 నెలలు. ఊరు వాళ్లదే కాబట్టి, ఊరు వదలడమే వాళ్ల ఆయుధం అయింది.

మరి మేం వదులుతున్నది ఏ రకం? ఎవరూ తరమలేదు. ఎవరి మీదా పోరాటం కాదు. నాన్న నడుం, అన్న జీతం, కూకట్‌పల్లిలో లిఫ్టున్న ఫ్లాటు. దీనికి చరిత్రలో పేరుండదేమో. ఈపూరుపాలెం వచ్చేదాకా అదే ఆలోచన. అక్కడ ఒక ఇంట్లోంచి నాడె చప్పుడు వినపడ్డాక ఆలోచన ఆగిపోయింది. ఆ చప్పుడు వింటే నాకు ఆకలేస్తుంది. చిన్నప్పటి నుంచీ మా ఇంట్లో అది ఆగితేనే అన్నం పెట్టేవాళ్లు.

రెండింటికి పేరాల చేరాను. నాయనమ్మ నన్ను కాదు, ముందు సైకిల్‌ని చూసింది. "మీ తాత కూడా మధ్యాన్నం ఇట్టాగే ఎండి వచ్చేవాడు" అంది.

మగ్గం అప్పటికే విప్పేశారు. దోనె, అచ్చు, పలకలు తాళ్లతో కట్టి గోడకి ఆనించి ఉన్నాయి. జాకార్డ్ పెట్టెని జాండ్రపేటలో తెలిసినాయన కొనుక్కున్నాడు, సాయంత్రం వచ్చి తీసుకెళ్తాడట. చిల్లులు పొడిచిన అట్టలు ఒక కట్టగా పక్కన పెట్టారు. ఫస్టియర్‌లో కంప్యూటర్ల చరిత్ర అని ఒక స్లైడ్ చూపించారు, గుర్తుందా? 1804, ఫ్రాన్స్, జాకార్డ్ మగ్గం, తర్వాత బాబేజ్, పంచ్ కార్డులు. క్లాసంతా ఫొటో తీసుకుంది. ఆ అట్టలే పదిహేనేళ్లు నా నిద్ర మీద టకటకలాడాయి. చిల్లు ఉంటే దారం లేస్తుంది, లేకపోతే లేవదు. ఒకటి, సున్నా. నాన్నకి ఇది చెప్తే, "అయితే నేనూ సాఫ్ట్‌వేరే చేశానంటావు. మరి ఆ జీతం ఏదిరా?" అన్నాడు.

గుంట పని మొదలుపెట్టాం. కాళ్లు పెట్టుకునే గుంటే, పెద్ద లోతేం కాదు. వానాకాలంలో అందులో నీళ్లూరితే వారాల తరబడి పని ఉండేది కాదు. అమ్మ చెంబుతో తోడుతుంటే నేను కాగితం పడవలు వేసేవాణ్ని. ఇప్పుడు బయట ట్రాక్టర్ ఇసక పోయించారు. నేను గంపతో మోయడం, నాన్న పోయించుకుని సర్దడం. 63 గంపలు పట్టాయి.

మధ్యలో టీ తాగుతూ, నాయనమ్మకి రామనగర్ సంగతి చదివి వినిపించాను. ఆవిడకి తెలిసినదే. "పదకొండు నెలలకి వాళ్లు తిరిగొచ్చారు కదరా" అంది.

నాన్న నవ్వాడు. "మనం కూడా హైదరాబాద్ ఇంటికి రాసింది పదకొండు నెలల అగ్రిమెంటేనే అమ్మా."

అద్దె అగ్రిమెంట్లన్నీ అంతేనని మీకు తెలుసు, నాకు తెలుసు, నాన్నకి తెలుసు. నాయనమ్మకి ఎవరూ చెప్పలేదు. ఆవిడ వేళ్ల మీద నెలలు లెక్కపెట్టుకుంటూ లోపలికి వెళ్లింది.

చివరి గంప పోశాక ఇసక కుంగకుండా తొక్కాలి. నాన్న చెప్పులు విప్పి గుంట మీద నిలబడ్డాడు. ఎడమ కాలు, కుడి కాలు, ఎడమ, కుడి. ముప్పై ఏళ్లు ఆ గుంటలో తొక్కిన లెక్కే, ఆ తాళమే. నేను ఫోన్ తియ్యలేదు.

"ఇంకో రెండు గంపలు పట్టేటట్టుంది, పట్రా" అన్నాడు.