సూదిలో దారం, తుపాకీలో గురి

మాది ఉయ్యాలవాడ. తెల్లవాళ్లను ఎదిరించి 1847లో కోయిలకుంట్లలో ఉరికంబమెక్కిన నరసింహారెడ్డి ఊరు. అయినా మా అమ్మాయి నంద్యాల కాలేజీలో ఎన్.సి.సి.లో చేరి "రైఫిల్ నేర్చుకుంటానమ్మా" అంటే నా గుండె గుభేలుమంది. మా సీమలో తుపాకీ అంటే కక్షలే కదండీ గుర్తొచ్చేది! "ఆడపిల్లకు ఇవేం పనులే?" అంది మా అత్తమ్మ.

తీరా చూస్తే మొదట్లో తూటాలే ఇవ్వరట! బోర్లా పడుకుని ఊపిరి బిగబట్టడం, ట్రిగ్గర్ మెల్లగా నొక్కడం, రోజూ ఇదే సాధన. సూదిలో దారం ఎక్కించేటప్పుడు మనం ఊపిరి బిగబట్టమూ? అచ్చం అలాగే.

తర్వాత ఐదు తూటాలు. ఐదూ ఒకేచోట పడితే చెయ్యి కుదిరినట్టట. పది మీటర్ల ఎయిర్ రైఫిల్ పోటీలో అయితే నడిమి చుక్క అర మిల్లీమీటరే! హైదరాబాదులో పెరిగిన గగన్ నారంగ్ 2012 లండన్ ఒలింపిక్స్‌లో కాంస్యం గెలిచింది ఆ పోటీలోనే.

కాలేజీ పోటీలో మా పిల్ల ఓడిపోయింది. అన్నానికి కూడా లేవకుండా టార్గెట్ కాగితం ముందేసుకుని, "తొందరపడి ట్రిగ్గర్ గుంజేశానమ్మా" అంది. గ్లాసు పగిలినా తమ్ముడి మీదికి నెట్టే పిల్ల! ఆ మాట విని, "ఈసారి నిదానంగా కొట్టు అమ్మీ" అన్నది మా అత్తమ్మే.

మీ పిల్ల అడిగితే, వద్దనేముందు ఒక్కసారి ఆలోచించండి.