ఓరుగల్లు పత్తికి ధర కట్టేదెవరు?

పత్తి సీజన్ మొదలైందంటే వరంగల్ ఏనుమాముల మార్కెట్‌కు తెల్లవారకముందే తెలివి వస్తుంది. ఊళ్ల నుంచి వచ్చిన ట్రాలీలు, ఆటోలు గేటు దగ్గర బారులు తీరతాయి. పొద్దెక్కాక వ్యాపారులంతా ఒకచోట చేరతారు. 'జెండా పాట' మొదలవుతుంది. ఆ రోజు పత్తికి పలికే గరిష్ఠ ధర తేలేది అక్కడే. రైతుల చెవులన్నీ అటే!

పాట పాడేది వరంగల్‌లోనే అయినా, ధర పుట్టేది మాత్రం ఇక్కడ ఒక్కచోటే కాదు. న్యూయార్క్ మార్కెట్లో దూది రేటు, చైనా మిల్లుల కొనుగోళ్లు, డాలరుతో రూపాయి విలువ... అన్నీ కలిసి ఈ యార్డులో రైతు చేతికొచ్చే సొమ్మును తేలుస్తాయి.

రాజు ఇచ్చిన అభయం

ప్రపంచీకరణ అనగానే 1991 ఆర్థిక సంస్కరణలు, 1995లో వచ్చిన ప్రపంచ వాణిజ్య సంస్థ గుర్తుకొస్తాయి. ఓరుగల్లుకు మాత్రం విదేశీ వ్యాపారం చాలా పాత చుట్టం. కాకతీయ గణపతిదేవుడు 1244లో తీరంలోని మోటుపల్లి రేవులో అభయ శాసనం వేయించాడు. తుపానుకు ఓడ ఒడ్డుకు కొట్టుకొస్తే, అందులోని సరుకును అంతకుముందు రాజులు స్వాధీనం చేసుకునేవారు. ఇకపై అలా జరగదనీ, నిర్ణీత సుంకం మాత్రమే తీసుకుంటామనీ ఆయన వర్తకులకు మాటిచ్చాడు. రుద్రమదేవి కాలం నాటి ఈ రాజ్యం గురించి రాసిన మార్కోపోలో వజ్రాలతోపాటు ఇక్కడి సన్నని నూలు వస్త్రాలనూ మెచ్చుకున్నాడు.

అప్పుడూ సరుకు సముద్రాలు దాటింది. కానీ వ్యాపారం ఏ షరతుల మీద సాగాలో చెప్పింది ఓరుగల్లు!

మగ్గం నుంచి మిల్లుకు...

వరంగల్ తివాచీలు 1851లో లండన్ మహా ప్రదర్శనకు వెళ్లాయి. ఆ నేతకు వారసులు కొత్తవాడ జంపఖానాలు. మిల్లు సరుకు పోటీకి మగ్గాలు తగ్గుతూ వచ్చాయి. ఏడో నిజాం హయాంలో 1934లో మొదలైన ఆజంజాహి మిల్లు వేల కుటుంబాలకు అన్నం పెట్టింది. ఆ సైరనే నగరానికి గడియారం. తర్వాత అదీ మూతపడింది. పద్మశాలి కుటుంబాలెన్నో సూరత్, భివండి, షోలాపూర్ బాట పట్టాయి. పత్తి పండే ఊళ్లోనే నేతకు పని లేకపోవడం... ఎంత విచిత్రం!

చేను దగ్గరా అదే చిక్కు. 1997-98లో లద్దె పురుగు విరుచుకుపడింది. అప్పు తెచ్చి కొట్టిన మందులు పనిచేయలేదు. వరంగల్ జిల్లాలో ఎందరో పత్తి రైతులు ప్రాణాలు తీసుకున్నారు. కొందరు తాగింది చేనుకు తెచ్చిన మందే. 2002లో బీటీ విత్తనం వచ్చింది. తొలి ఏడాదే జిల్లాలో చాలామందికి నష్టం మిగిల్చింది. అయినా తర్వాతి ఏళ్లలో రైతులు దాదాపుగా అటే మళ్లారు. 450 గ్రాముల ప్యాకెట్ ధర 1,600 రూపాయలు దాటడంతో అప్పటి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 2006లో గుత్తాధిపత్య నియంత్రణ కమిషన్‌ను ఆశ్రయించింది. ధర 750 రూపాయలకు దిగింది. గట్టిగా అడిగితే షరతులు మారతాయని అప్పుడు తెలిసింది.

ఊరు తీర్మానించింది

అడగడం ఒక దారి. ఏనెబావి ఇంకో దారి ఎంచుకుంది. నాటి వరంగల్ జిల్లాలో, నేటి జనగామ జిల్లాలో ఉన్న ఈ చిన్న పల్లె 2006లో తనను తాను రసాయనాలు లేని ఊరిగా ప్రకటించుకుంది. పురుగుమందు, రసాయన ఎరువు, జన్యుమార్పిడి విత్తనం... మూడింటికీ 'వద్దు' అంది. వేప కషాయం, పశువుల ఎరువు, ఎర పంటలు వాటి స్థానంలోకి వచ్చాయి. ఏనెబావి రైతులు మార్కెట్‌కు దూరం కాలేదు. అప్పు చేసి కొనాల్సిన వాటిని మాత్రం తగ్గించుకున్నారు.

కొత్తవాడ నేతన్నలదీ ఇలాంటి పట్టుదలే. వరంగల్ జంపఖానాలకు 2018లో భౌగోళిక గుర్తింపు దక్కింది. ఆ పేరుతో మరొకరు అమ్ముకోకుండా చట్టం అండ దొరికింది.

గీసుకొండ, సంగెం మండలాల మధ్య కాకతీయ మెగా టెక్స్‌టైల్ పార్కుకు 2017లో పునాది పడింది. కొరియా కంపెనీ కూడా అక్కడికి వచ్చింది. వలస వెళ్లినవారు తిరిగొచ్చి ఇక్కడే బతకగలిగితే అది నిజంగా మంచి కబురే. పత్తి పండించిన రైతుకు, బట్ట నేసిన చేతికి ఆ లాభంలో వాటా ఎంతన్నది మాత్రం చూడాలి.

ఖిలా వరంగల్‌లో కాకతీయుల కీర్తితోరణాలు నాలుగు దిక్కులా నిలబడి ఉన్నాయి. వాటికి తలుపులు లేవు. ఎవరైనా రావచ్చు, పోవచ్చు. కానీ వచ్చినవారు ఏ షరతుకు లోబడి వ్యాపారం చేయాలో చెప్పే అలవాటు ఈ నేలకు ఒకప్పుడు ఉండేది. దాన్ని తిరిగి నేర్చుకుంటున్నవారు కొత్తవాడలో, ఏనెబావిలో కనిపిస్తారు. జెండా పాట కోసం చెవులు రిక్కించిన రైతు వంతు ఇంకా రావాల్సి ఉంది.